ఆలోచించే ఖర్చు ఎవరి పద్దు?
దళిత సంఘాల ఉమ్మడి పనీ, ప్రణాళికా నిధుల చరిత్రా

వెలివాడలో బావి తవ్విస్తామంటే డబ్బిచ్చే దాతలు దొరుకుతారు. బడికి రేకుల కప్పు వేయిస్తామంటే దొరుకుతారు. కుట్టుమిషన్లకీ, పలకలకీ, దుప్పట్లకీ దొరుకుతారు. కాని ఆ వాడకి కావాల్సింది కొత్త బావా, లేక ఊరి బావి మీద హక్కా అని చుట్టుపక్కల నాలుగు సంఘాల వాళ్ళు రెండ్రోజులు కూచుని తేల్చుకోడానికి డబ్బిచ్చేవాళ్ళు మాత్రం కనపడరు. బస్సు ఛార్జీలు, పోయిన కూలి, మధ్యాహ్నం అన్నం, హాలు అద్దె, రాసుకునే కాగితాలు - ఇవన్నీ దాత లెక్కలో ‘పని’ కింద రావు, ‘వృథా ఖర్చు’ కింద వస్తాయి.

దాతృత్వ సంస్థల భాషలో దీనికొక పేరుంది: ప్రణాళికా గ్రాంటు. స్థానికంగా పనిచేసే కొన్ని సంస్థలు కలిసి ఒక పని చేపట్టాలనుకున్నప్పుడు, పనికి కాదు, ఏం పని చెయ్యాలో, ఎవరు ఏ బాధ్యత తీసుకోవాలో ముందుగా తేల్చుకోడానికి ఇచ్చే డబ్బు అది. మొత్తం తక్కువే. కాని దాని మీద ఆధారపడే నిర్ణయాలు పెద్దవి. మిగతా డబ్బంతా ఏ దారిన పోవాలో ఆ చిన్న మొత్తమే నిర్ణయిస్తుంది. కాబట్టి దాన్ని ఎవరి చేతికిస్తారన్నది జమాఖర్చుల ప్రశ్న కాదు, అధికారం ప్రశ్న.

దళితుల పేరు మీద ఖర్చయిన డబ్బు గురించి మన పత్రికల్లో చాలా చర్చ జరిగింది. ఎంత ఇచ్చారు, ఎంత మింగారు, ఎంత మళ్ళించారు అన్న ప్రశ్నలు వేశాం. ఆ ప్రశ్నలు అవసరమే. కాని వాటికి ముందుండాల్సిన ప్రశ్న ఇంకోటుంది: ఆ డబ్బుతో ఏం చెయ్యాలో ఆలోచించే ఖర్చు ఎవరి పద్దులో పడింది? గత వందేళ్ళ చరిత్రలో కొన్ని ఘట్టాలు తీసుకుని ఈ ప్రశ్నను పరిశీలించాలని మా ప్రయత్నం.

బార్డోలీ బావి

1922 ఫిబ్రవరిలో బార్డోలీలో సమావేశమైన కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ నిర్మాణ కార్యక్రమమొకటి ప్రకటించింది. అందులో అణగారిన తరగతుల గురించి ఒక అంశం పెట్టారు. వాళ్ళని మెరుగైన జీవితం కోసం సంఘటితం చెయ్యాలి, పిల్లల్ని జాతీయ పాఠశాలలకి పంపేట్టు చూడాలి, మిగతా పౌరులకున్న మామూలు సౌకర్యాలు వాళ్ళకీ కల్పించాలి అన్నది దాని సారాంశం. వినడానికి బాగానే ఉంది. అయితే దాని కిందే ఒక సూచన జోడించారు. అంటరానితనం ఇంకా బలంగా ఉన్నచోట కాంగ్రెస్ నిధుల్తో వేరే బడులూ, వేరే బావులూ నడపాలట. ఉమ్మడి బావి వాడుకోనిచ్చేట్టు జనానికి నచ్చచెప్పే ప్రయత్నం పక్కన సాగుతూ ఉండాలట.

వేరే బావా, ఊరి బావి మీద హక్కా అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే పడిపోయింది. నీళ్ళు దొరకని వాళ్ళెవరూ ఆ తీర్మానం రాసిన చోట లేరు.

అదే ఏడాది జూన్‌లో లక్నోలో మరో అడుగు పడింది. దేశవ్యాప్తంగా అంటరానివాళ్ళ స్థితి మెరుగుపరచడానికి ఆచరణయోగ్యమైన పథకం తయారుచెయ్యాలని నలుగురితో ఉపసంఘం వేశారు. స్వామి శ్రద్ధానంద, సరోజినీ నాయుడు, ఇందులాల్ యాజ్ఞిక్, గంగాధరరావు దేశ్‌పాండే. పథకానికి ప్రస్తుతానికి 2 లక్షల రూపాయలు సేకరించాలని వర్కింగ్ కమిటీ తీర్మానంలో రాశారు. నలుగురిలో ఒక్కరూ అంటరాని కులాల నుంచి వచ్చినవాళ్ళు కారు. అయినా అనుకుందాం, కనీసం పథకమంటూ వేస్తున్నారు కదా అని.

ఆ పథకం వెయ్యడానికి కొంత డబ్బు ముందస్తుగా ఇవ్వమని స్వామి శ్రద్ధానంద అడిగారు. నేటి భాషలో ఆయన అడిగింది ప్రణాళికా గ్రాంటే. దేశం తిరగాలి, పరిస్థితులు చూడాలి, అక్కడక్కడా పనిచేస్తున్నవాళ్ళని కలవాలి. ఇవేవీ చేతి ఖర్చులేకుండా అయ్యేవి కావు. వర్కింగ్ కమిటీ ఏం చేసింది? ఆయన ఉత్తరాన్ని ఉపసంఘానికే పంపింది. తీర్మానంలో ఆయన పేరే మొదట ఉన్నా దేశ్‌పాండేని కన్వీనరుగా వేసింది. స్వామి రాజీనామా చేశారు. అప్పుడు రాజీనామా వెనక్కి తీసుకోమని ఆయన్ని కోరుతూ, ఉపసంఘం చిల్లర ఖర్చుల కింద దేశ్‌పాండేకి 500 రూపాయలు పంపమని ఇంకో తీర్మానం చేసింది.

దేశంలోని అంటరాని కులాలన్నిటి భవిష్యత్తు ఆలోచించడానికి అయిదు వందలు! ఈ ఉపసంఘం నుంచి పథకమేదీ బయటికి రాలేదు. 1923 మేలో, అంటరానితనం ముఖ్యంగా హిందూ సమాజానికి సంబంధించిన విషయం కాబట్టి దీన్ని అఖిల భారత హిందూ మహాసభ కూడా చేపట్టాలని కోరుతూ కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ చేతులు దులుపుకుంది.

ఈ కథంతా తీర్మానాలతో సహా మన కళ్ళ ముందు పెట్టింది బాబాసాహెబ్ అంబేద్కర్. కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్ళకి చేసిందేమిటని నిలదీస్తూ 1945లో ఆయన ప్రచురించిన పుస్తకంలో ఇదొక అధ్యాయం. కాంగ్రెస్ కార్యాలయం రాసిపెట్టుకున్న కాగితాల్నే ఆయన సాక్ష్యంగా నిలబెట్టారు.

నలభైమూడు వేల మూడొందల ఎనభై ఒకటి

డబ్బు లేక ఇలా జరిగిందా అంటే అదీ కాదు. 1921 నుంచి 1923 దాకా తిలక్ స్వరాజ్య నిధి కింద కాంగ్రెస్ వసూలు చేసింది కోటీ ముప్పై లక్షలని అంబేద్కర్ లెక్క చూపారు. అందులో రకరకాల పనులకి పంచిపెట్టింది 49.5 లక్షలు. అంటరానివాళ్ళ పని పేరు మీద పోయింది 43,381 రూపాయలు. నూటికి ఒక్క రూపాయి కూడా కాదు.

ఈ 43,381 ఎట్లా పంచారో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అహ్మదాబాదులోని అంత్యజ కార్యాలయానికి రెండు దఫాలుగా 5,000, 17,381. తమిళ ప్రాంత కాంగ్రెస్ కమిటీకి 10,000. అణగారిన తరగతుల పనికి జాతీయ సాంఘిక మహాసభకి 3,000. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ ద్వారా జరిగే పనికి 7,000. రాజమండ్రి డిప్రెస్డ్ క్లాస్ మిషన్‌కి 1,000. సగానికి పైగా ఒక్క అహ్మదాబాదుకే పోయింది. తెలుగు ప్రాంతానికి దక్కింది మొత్తం 8,000.

అసలు పథకమనేదే లేనప్పుడు డబ్బు ఏ ప్రకారం పంచుతారు? పరిచయాల ప్రకారం పంచుతారు, పలుకుబడి ప్రకారం పంచుతారు. ఏ ప్రాంతంలో అవసరం ఎక్కువ, ఎక్కడ ఎవరు అప్పటికే పనిచేస్తున్నారు, వాళ్ళ మధ్య పొత్తు ఎట్లా కుదర్చాలి అన్న లెక్క అందులో కనపడదు. ఈ పట్టికలో అంటరాని కులాల వాళ్ళు తామే పెట్టుకుని నడుపుకుంటున్న సంఘాల పేర్లూ కనపడవు. అలాంటి సంఘాలు అప్పటికి లేకపోతే వేరే మాట. కాని ఉన్నాయి.

మన సంఘాల చిట్టా

సరోజినీ నాయుడు కాపురమున్న హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. 1910 నుంచి బస్తీల్లో బడులు తెరిచారు. 1911లో మన్య సంఘం పెట్టారు. తర్వాత అదే ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఆ బడులు పెరిగి ఇరవై దాటాయి. 1930ల్లో వాటిని నిజాం ప్రభుత్వం తన కిందికి తీసుకుంది. జోగినీ ఆచారం, తాగుడు, బాల్య వివాహాల మీద ఈ సంఘం ప్రచారం చేసింది. అంటే లక్నోలో నలుగురు పథకం కోసం కూర్చునే నాటికి, ఆ నలుగురిలో ఒకరి ఊళ్ళోనే పదేళ్ళ అనుభవమున్న సంఘమొకటి ఉంది. దాని నాయకుడికి ఆ ఉపసంఘంలో చోటు లేదు.

సర్కారు జిల్లాల్లో 1917 నవంబరులో బెజవాడలో ఒక సభ జరిగింది. పంచమ మహాసభగా దాన్ని పిలిచింది గూడూరు రామచంద్రరావు వంటి అగ్రవర్ణ సంస్కర్తలు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ, ‘పంచమ’ అన్న మాటనే ఒప్పుకోలేదు. మేం అయిదో వర్ణం కాదు, ఈ నేలకి ఆదివాసులం, ఆది ఆంధ్రులం అన్నారు. సభ పేరు మారింది. ఏళ్ళ తరబడి ఆది ఆంధ్ర సభలు ఊరూరా జరగడానికి అది నాంది అయింది.

ఈ ఘటనను మనం సాధారణంగా ఆత్మగౌరవ చరిత్రగా చెప్పుకుంటాం. అది నిజమే. దాన్ని ఇంకో రకంగా కూడా చూడొచ్చు. పిలిచినవాళ్ళు వేరు, పిలిపించుకున్నవాళ్ళు వేరు. పిలిచినవాళ్ళు పేరుతో సహా ఎజెండా ఇచ్చారు. వచ్చినవాళ్ళు ఆ వేదిక వాడుకుని ఎజెండాని తిరగరాశారు. హైదరాబాదు నిజాం రాజ్యం, బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీ. రెండు పాలనల కింద ఉన్న సంఘాల వాళ్ళు ఒకచోట కలిస్తే ఏమవుతుందో బెజవాడ చూపించింది. కూచుని ఆలోచించుకునే రెండు మూడు రోజులు దొరికితే అణగారినవాళ్ళు ఏం చెయ్యగలరో చెప్పే పాఠమది.

మరి అలా కలవడానికి అయ్యే ఖర్చు? ఇక్కడ మన ప్రాంతం దాటి మహద్ సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఖర్చు లెక్క అక్కడ స్పష్టంగా మిగిలింది. 1927 మార్చి 19, 20 తేదీల్లో కొలాబా జిల్లా అణగారిన తరగతుల సభ అక్కడ జరిగింది. ఆ సభ ముగింపులోనే అంబేద్కర్ నాయకత్వాన వేలమంది నడిచివెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ సభకి వచ్చినవాళ్ళ దాహం తీర్చడానికి నిర్వాహకులు సవర్ణుల దగ్గర నలభై రూపాయల నీళ్ళు కొనాల్సొచ్చిందని ధనంజయ్ కీర్ అంబేద్కర్ జీవిత చరిత్రలో రాశారు. ఊరి చెరువు కళ్ళెదుటే ఉంది. నీళ్ళు ముట్టుకోడానికి లేదు. ఆ నీటి హక్కు గురించి మాట్లాడుకోడానికి ముందు నీళ్ళు కొనుక్కోవాలి!

మా దృష్టిలో ఆ నలభై రూపాయలే దళిత ఉద్యమ చరిత్రలో అసలైన ప్రణాళికా ఖర్చు. మిగతా జనం ఊరికే కూచుని మాట్లాడుకోగలరు. వాళ్ళకి రచ్చబండ ఉంది, గుడి మండపముంది, చావడి ఉంది. అంటరానివాడు కలిసి ఆలోచించాలంటే చోటుకి డబ్బు కట్టాలి, నీళ్ళకి డబ్బు కట్టాలి, ఆ పూట కూలి వదులుకోవాలి. ఆలోచించడం కూడా కులాన్ని బట్టి ఖరీదు మారే దేశం మనది.

అగ్రవర్ణ ఉదారవాదుల సాయం అసలు తీసుకోకూడదా అన్న ప్రశ్నకి కూడా అంబేద్కర్ ఆచరణలోనే జవాబుంది. 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించినప్పుడు అధ్యక్షుడు సర్ చిమన్‌లాల్ సెతల్వాడ్. ఉపాధ్యక్షుల్లో బి.జి. ఖేర్ వంటివాళ్ళున్నారు. కాని కార్యనిర్వాహక సంఘం అధ్యక్షుడు అంబేద్కర్. కార్యదర్శి శివ్‌తార్కర్, కోశాధికారి జాధవ్, ఇద్దరూ అణగారిన కులాల వాళ్ళే. అంటే పలుకుబడి, పేరు బయటివాళ్ళవి. సంచి తాడూ, రోజువారీ నిర్ణయమూ మనవాళ్ళ చేతిలో. సాయం తీసుకోవడం వేరు, సాయంతోపాటు బుర్రని తాకట్టు పెట్టడం వేరు.

ఓడ మీద నుంచి రాసిన ఉత్తరం

పదేళ్ళ తర్వాత అదే ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. 1932 సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగింది. ఆ నెల 30న బొంబాయి సభలో అస్పృశ్యతా నివారణ సంఘం పుట్టింది. ఘన్‌శ్యామ్‌దాస్ బిర్లా అధ్యక్షుడు, ఎ.వి. థక్కర్ ప్రధాన కార్యదర్శి. తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయింది ఇదే.

అంబేద్కర్ మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి పోతూ 1932 నవంబరు 14న ఓడ మీద నుంచి థక్కర్‌కి ఉత్తరం రాశారు. సంఘం ఏం చెయ్యాలో, ఎవరిచేత చేయించాలో అందులో వివరంగా చెప్పారు. అది నిజానికి ఒక పూర్తి కార్యక్రమ ప్రణాళిక. ఎవరూ గ్రాంటు ఇవ్వకుండానే తయారైన ప్రణాళిక.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. అణగారిన మనిషి దుస్థితికి కారణం అతని నడవడికలో ఉందా, అతని చుట్టూ ఉన్న సమాజంలో ఉందా? నడవడికలో ఉందనుకుంటే తాగుడు మాన్పించడం, గ్రంథాలయాలు పెట్టడం, వ్యాయామశాలలు కట్టడం చాలు. సమాజంలో ఉందనుకుంటే పౌరహక్కుల పోరాటం నడపాలి. ఊరి బావుల్లో నీళ్ళు తోడుకునే హక్కు, ఊరి బడిలో చేరే హక్కు, చావడిలోకి వచ్చే హక్కు, అందరి బండ్లలో ఎక్కే హక్కు. దానివల్ల గొడవలొస్తాయి, తలలు పగలొచ్చు, అయినా తప్పదన్నారు. మిల్లుల్లో, వ్యాపారాల్లో సమాన అవకాశాలు కావాలన్నారు. ఈ పనికి కావాల్సిన కార్యకర్తల్ని అణగారిన కులాల నుంచే తీసుకోవాలన్నారు.

ఆ ఉత్తరం అందిందన్న కబురు కూడా రాలేదని అంబేద్కర్ తర్వాత రాశారు. సంఘం ఏ దారి పట్టిందో మనకి తెలుసు. పౌరహక్కుల పోరాటం కాదు, విద్యార్థి వేతనాలు, హాస్టళ్ళు, పారిశుద్ధ్యం, బావులు. 1933 నవంబరు నుంచి 1934 జూలై దాకా గాంధీ దేశమంతా తిరిగి హరిజన నిధికి సేకరించింది సుమారు 8 లక్షలు. తెలుగు జిల్లాల్లోనూ ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసిచ్చారని మన పెద్దలు చెప్పుకునేవాళ్ళు. ఆ ఇచ్చినవాళ్ళ మనసుని మేం శంకించడం లేదు. ఆ డబ్బుతో చదువుకున్న దళిత విద్యార్థులున్నారన్న వాస్తవాన్ని కాదనడమూ లేదు.

ప్రశ్న వేరే. సంఘం పాలకవర్గంలో అంటరానివాళ్ళకి చోటెందుకు లేదని అడిగితే గాంధీ చెప్పిన జవాబు ఇది: అంటరానితనం హిందువులు చేసిన పాపం. ఈ సేవ వాళ్ళు చేసుకునే ప్రాయశ్చిత్తం. అప్పుపడ్డవాడు హిందువు, డబ్బూ హిందువుదే. కాబట్టి ఎట్లా తీర్చాలో చూసుకునేది కూడా హిందువే. కావాలంటే హరిజనులు సలహా సంఘాలు పెట్టుకోవచ్చు. ఈ తర్కంలో అప్పు తీర్చేవాడే ఎంత బాకీ ఉందో, ఏ రూపంలో తీర్చాలో నిర్ణయిస్తాడు. అప్పిచ్చినవాడు పక్కన నిలబడి సలహా చెప్పుకోవచ్చు. ఏ ఊళ్ళో అయినా బాకీలు ఇట్లా తీరుతాయా?

1922లో ప్రణాళికకి డబ్బివ్వలేదు. 1932లో డబ్బు ఉంది, ప్రణాళిక కూడా చేతికొచ్చింది. కాని అది అంటరానివాడు వేసిన ప్రణాళిక కాబట్టి డబ్బు దాని మొహం చూడలేదు.

ఉపప్రణాళికలో ‘ప్రణాళిక’

స్వాతంత్ర్యం తర్వాత దాత స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు విడిగా పెట్టాలన్న స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ 1979లో మొదలైంది. పి.ఎస్. కృష్ణన్ వంటి అధికారుల చొరవ దాని వెనకుంది. ఇది దానం కాదు, వాటా. ఆ తేడా చిన్నది కాదు. అయితే ఆ వాటాతో ఏం చెయ్యాలన్న ప్రతిపాదనలు శాఖల్లోనే తయారయ్యాయి. వాడకి ఏం కావాలో వాడ వాళ్ళు కూచుని రాసుకునే దశకి నిధి లేదు.

అణగారినవాళ్ళు ఒకచోట చేరి ఆలోచించుకున్న సందర్భాలు ఈ కాలంలో వచ్చింది ప్రభుత్వ నిధుల వల్ల కాదు, హత్యాకాండల వల్ల. కారంచేడులో మాదిగవాడ మంచినీళ్ళ చెరువు దగ్గర భూస్వామ్య కులం యువకులు చేసిన పనికి మున్నంగి సువార్త అడ్డు చెప్పింది. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురు దళితుల్ని చంపారు. మళ్ళీ నీళ్ళే. బతికి బయటపడినవాళ్ళు చీరాల చేరారు. చర్చి ఆవరణలో సాగిన శిబిరం సహాయ శిబిరంగానే మిగిలిపోలేదు, సభాస్థలి కూడా అయింది. ఎక్కడెక్కడి యువజన సంఘాలో, ఉద్యోగ సంఘాలో, క్రైస్తవ సంస్థలో, హక్కుల సంఘాలో అక్కడ కలిశాయి. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో దళిత మహాసభ ఆ ఏడాదే ఏర్పడింది. బియ్యం ఇచ్చిన చేతులు ఎన్నో ఉండొచ్చు. కాని ఊరికి తిరిగిపోవాలా వద్దా అన్న నిర్ణయం బాధితులది.

2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపప్రణాళిక చట్టం కోసం సాగిన ఉద్యమం కూడా ఇట్లాంటి ఉమ్మడి పనే. కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం, సెంటర్ ఫర్ దళిత్ స్టడీస్, కాకి మాధవరావు వంటి మాజీ అధికారులు, ఎన్నో చిన్న సంఘాలు బడ్జెట్ పుస్తకాలు ముందేసుకుని లెక్కలు తీశాయి. ఏ శాఖ ఎంత మళ్ళించిందో జనానికి అర్థమయ్యేట్టు చెప్పాయి. 2012 డిసెంబరులో శాసనసభ బిల్లు ఆమోదించింది, 2013 మొదటి చట్టంగా అది వచ్చింది. ప్రణాళిక వెయ్యగల శక్తి సంఘాలకుందని ఇంతకంటే రుజువేం కావాలి?

అయినా చట్టంలో ప్రతిపాదనలు తయారుచేసే పని శాఖల దగ్గరే ఉండిపోయింది. విడదీయడానికి వీల్లేని పనుల్లో కొంత వాటాను ఉపప్రణాళిక ఖర్చుగా చూపించుకునే సందు కూడా చట్టంలోనే ఉంది. తెలంగాణలో 2017లో వచ్చిన చట్టానికి ‘ప్రత్యేక అభివృద్ధి నిధి’ అని పేరు పెట్టారు. నిధి ముందుకొచ్చింది. ప్రణాళిక అన్న మాట చట్టం పొడుగుపాటి పేరులో బ్రాకెట్లో మిగిలింది.

కలిసి పనిచెయ్యడం మీద ఆంక్ష

మరి స్వచ్ఛంద సంస్థల సంగతి? 1980ల నుంచి మన పల్లెల్లోకి విదేశీ నిధులతో నడిచే సంస్థలు విస్తారంగా వచ్చాయి. వాటి మీద ఉద్యమాల్లో వచ్చిన విమర్శ అందరికీ తెలిసిందే. కార్యకర్తని జీతగాణ్ణి చేశాయని, పోరాటాన్ని ప్రాజెక్టుగా కుదించాయని ఆ విమర్శ. అందులో నిజముంది. అయితే దాతల డబ్బు చెడ్డదని తిట్టి ఊరుకుంటే చాలదు. ఆ డబ్బు ఏ షరతుల మీద వస్తోందో చూడాలి.

ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2010లో కొత్త చట్టం చేశారు. 2020 సెప్టెంబరులో దాన్ని సవరించారు. ఆ సవరణతో రెండు మార్పులు జరిగాయి. మొదటిది, విదేశీ విరాళం అందుకున్న సంస్థ అందులోంచి ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. రెండోది, పాలనా ఖర్చుల పరిమితిని నూటికి 50 నుంచి 20కి తగ్గించారు. దీంతోపాటు విరాళాలన్నీ ముందుగా న్యూఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో జమ కావాలన్నారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలు చెల్లుతాయని చెప్పింది.

ఇది పల్లెలో ఏ రూపం తీసుకుంటుందో చూద్దాం. అంతకుముందు జిల్లా కేంద్రంలో రిజిస్ట్రేషన్ ఉన్న ఒక సంస్థ డబ్బు తీసుకుని, మండలాల్లో అర్హత ఉన్న చిన్న సంస్థలకి పంచేది. ఉమ్మడి ప్రాజెక్టులు ఎక్కువగా ఇట్లానే నడిచాయి. ఇప్పుడా దారి మూసుకుపోయింది. కలిసి పనిచెయ్యాలంటే ప్రతి చిన్న సంస్థా సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి, ఢిల్లీలో ఖాతా తెరవాలి, ఆడిటర్‌ని పెట్టుకోవాలి. పెంకుటింటి వసారాలో నడిచే మహిళా సంఘానికి ఇది అయ్యే పనేనా? ఇక జీతాలు, ప్రయాణాలు, ఆఫీసు, రిపోర్టుల తయారీ - ఇవన్నీ పాలనా ఖర్చు. కలిసి ఆలోచించడానికి కావాల్సింది ముఖ్యంగా ఇవే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

పాత పద్ధతి గొప్పదని మేం అనడం లేదు. జిల్లా కేంద్రంలోని పెద్ద సంస్థ ఎక్కువగా ఆధిపత్య కులాల వాళ్ళ చేతిలో ఉండేది. ఇంగ్లీషులో ప్రతిపాదన రాయగలిగేది వాళ్ళే, దాత ప్రతినిధి వస్తే కారు పంపగలిగేది వాళ్ళే. దళిత సంఘం ఆ ప్రతిపాదనలో ‘భాగస్వామి’. దాని పనల్లా జనాన్ని పోగుచెయ్యడం, సంతకాలు పెట్టించడం. ప్రాజెక్టు మంజూరయ్యాక తమకి ఏ పని వచ్చిందో చదివించుకుని తెలుసుకునే స్థితి. 1922 ఉపసంఘంలో లేని చోటు వీటిలోనూ దొరకలేదు. పాత పద్ధతిలో చిన్న సంఘం కింద ఉంది. కొత్త పద్ధతిలో బయట ఉంది.

ఏం అడగాలి?

ఈ చరిత్ర నుంచి మాకు తోస్తున్న విషయాలు కొన్ని చర్చకి పెడుతున్నాం.

ఒకటి. ప్రభుత్వ ఉపప్రణాళిక నిధుల్లోనే వాడ స్థాయి ప్రణాళికకి విడిగా పద్దు ఉండాలి. అది శాఖ చేతిలో కాకుండా, ఆ మండలంలో పనిచేసే దళిత సంఘాల ఉమ్మడి కమిటీ చేతిలో, లెక్క చెప్పే బాధ్యతతో ఉండాలి. ఇది దయ కాదు. వాటా మనదైనప్పుడు, వాటాని ఎట్లా వాడాలో ఆలోచించే ఖర్చు కూడా వాటాలో భాగమే.

రెండు. ప్రణాళికా ఖర్చంటే కన్సల్టెంట్ ఫీజు కాదు. సభకి వచ్చే కూలిమనిషికి పోయిన రోజు కూలి అందులో మొదటి అంశం కావాలి. కూలి పోగొట్టుకోలేక ఆడవాళ్ళు రాని సభలో తయారైన ప్రణాళిక మగవాళ్ళ ప్రణాళికే అవుతుంది.

మూడు. ప్రైవేటు దాతల దగ్గర ప్రణాళికా గ్రాంటు తీసుకునే పక్షంలో, అంతా చర్చించాక ‘ఈ ప్రాజెక్టు మాకొద్దు’ అనే స్వేచ్ఛ ముందే కాగితం మీద ఉండాలి. వద్దనే హక్కు లేని ప్రణాళిక ప్రణాళిక కాదు, ఒప్పుకోలు పత్రం. బావి కట్టిస్తామని వచ్చినవాళ్ళకి మేం ఊరి బావి అడుగుతున్నామని చెప్పగలగాలి.

నాలుగు. ఈ ప్రశ్నని మనలో మనం కూడా వేసుకోవాలి. దళిత సంఘాల ఉమ్మడి కమిటీ అన్నప్పుడు అందులో ఎవరు కూచుంటున్నారు? 1994లో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి రిజర్వేషన్ల గురించి అడిగింది సారాంశంలో ఈ ప్రశ్నే. వర్గీకరణ రాజ్యాంగ సమ్మతమేనని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. డక్కలి, రెల్లి, బుడగజంగం, మెహతర్ కులాల వాళ్ళు మన ఉమ్మడి సమావేశాల్లో సంతకం పెట్టేవాళ్ళుగానే మిగిలిపోతే, లక్నోలో ఆ నలుగురు చేసిందే మనమూ చేసినట్టు.

అయిదు. సొంత చందా మానకూడదు. మహద్‌లో ఆ నలభై రూపాయలు ఏ దాతా ఇచ్చింది కాదు. మొత్తం చిన్నదైనా, మొదటి సమావేశం మన డబ్బుతో జరిగితే మొదటి మాట మనదవుతుంది. బయటి డబ్బు రెండో సమావేశానికి రావచ్చు.

చివరిగా, చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, సంఘాలు నడుపుతున్న అన్నలకీ అక్కలకీ ఒక విన్నపం. 1922 నాటి 500 రూపాయల సంగతి మనకి తెలిసిందంటే కాంగ్రెస్ తన తీర్మానాలు దాచిపెట్టుకోబట్టే, అంబేద్కర్ వాటిని ఓపికగా చదవబట్టే. మన సంఘాల మినిట్స్ పుస్తకాలు, చందా రసీదులు, సభ ఖర్చుల చీటీలు మాత్రం ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతున్నాయి. ఎవరో కార్యదర్శి చనిపోతే పాతసామాన్ల వాడికి పోతున్నాయి. మనం కలిసి ఆలోచించడానికి ఎంత ఖర్చయిందో, ఆ ఖర్చు ఎవరు భరించారో చెప్పే సాక్ష్యం అవే. అవి పోతే, మనకి ఆలోచన ఇచ్చింది కూడా దాతలేనని రేపు రాసుకుంటారు. ఆ పుస్తకాలు తీయండి, దుమ్ము దులపండి, నకళ్ళు చేయించండి. వచ్చే ప్రణాళిక అక్కణ్ణుంచే మొదలు కావాలి.